ముడుమాల్ నిలువురాళ్ళు: వెళ్తే అక్కడ అసలు ఏం చూడాలి?

మట్టిదారి:

అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవుల్లో వేల ఏళ్ళ నాటి నిలువురాళ్ళున్న నారాయణపేట జిల్లా ముడుమాల్ వెళ్దామని చూస్తున్నాను. 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కిందని పేపర్లో చదివినప్పటి నుంచీ మనసులో ఉంది. ఇంట్లో మాత్రం సపోర్ట్ సున్నా. నాన్నగారు "రాళ్ళు చూడ్డానికి కృష్ణ ఒడ్డు దాకానా, మనూరి గుట్ట మీద లేవా రాళ్ళు" అని ఒకటే నవ్వు. పిల్లలకేమో అక్కడ ఆడుకోవడానికి ఏమైనా ఉంటుందా అన్నదే ప్రశ్న.

నిజానికి నా దగ్గరా చెప్పడానికి ఏం లేదు. గుడికి వెళ్తే శిల్పం ఉంటుంది, కోటకి వెళ్తే బురుజులుంటాయి, గైడు ఏదో కథ చెప్తాడు, విన్నా వినకపోయినా టైం గడిచిపోతుంది. ఇక్కడ చేలల్లో నిలబడ్డ రాళ్ళు. యూట్యూబులో వీడియోలన్నీ ఒకే అచ్చు, డ్రోన్ షాట్, వెనక భయపెట్టే మ్యూజిక్, "ఏలియన్స్ కట్టారా?" అని థంబ్‌నెయిల్. అవి చూశాక ఉన్న ఆసక్తి కూడా తగ్గింది.

వెళ్ళినవాళ్ళు చెప్పండి. అక్కడ నిలబడి దేన్ని చూడాలి, ఎలా చూడాలి, ఏ టైముకి వెళ్తే మంచిది? ఉత్తరాయణం మొదలయ్యే రోజు కాబట్టి సంక్రాంతి పొద్దున సూర్యుడు సరిగ్గా ఆ రాళ్ళ వరసలోంచి లేస్తాడని ఒక వీడియో కింద ఎవరో కామెంట్ పెట్టారు. అది నిజమైతే నాన్నగారిని ఒప్పించడం నాకు తేలికవుతుంది.

గ్రహచారి:

ముందు సంక్రాంతి సంగతి తేల్చేద్దాం. సూర్యుడు దక్షిణాన చివరంటా వెళ్ళి వెనక్కి తిరిగేది డిసెంబరు 21 లేదా 22న. మన మకర సంక్రమణం నక్షత్రాలని బట్టి లెక్కించేది కాబట్టి జనవరి 14, 15కి జరిగిపోయింది. సుమారు 1700 ఏళ్ళ కిందట ఈ రెండూ ఒకే రోజు దగ్గర పడేవి, తర్వాత మెల్లగా దూరమవుతూ వచ్చాయి. కాబట్టి సంక్రాంతి నాటికి సూర్యుడు వెనక్కి తిరిగి మూడు వారాలు దాటిపోతుంది.

ముడుమాల్ ఉన్న అక్షాంశంలో డిసెంబరు 21న సూర్యోదయం సరిగ్గా తూర్పుకి 24 డిగ్రీలకు కాస్త ఎక్కువగా దక్షిణాన ఉంటుంది. సంక్రాంతికి అది రెండు డిగ్రీల దాకా తూర్పు వైపు జరిగి ఉంటుంది. రెండు డిగ్రీలే కదా అనుకోవద్దు, ఆకాశంలో సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. అంటే నాలుగు సూర్యుళ్ళంత పక్కకి. వరస వెంట చూపు పెట్టి నిలబడితే ఆ తేడా మామూలు కంటికే తెలిసిపోతుంది.

అలాగని 21నే వెళ్ళాలని రూలేం లేదు. సూర్యుడు వెనక్కి తిరిగే ఆ రోజే అయనాంతం, దాని దగ్గర సూర్యుడు ఆగినట్టే ఉంటాడు, అటు అయిదు రోజులు ఇటు అయిదు రోజులు తీసుకున్నా తేడా డిగ్రీలో పదో వంతు. క్రిస్మస్ సెలవులకి వెళ్ళండి, హాయిగా సరిపోతుంది. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు విషువత్తులకి వెళ్ళేవాళ్ళకే డేట్ టెన్షన్, అప్పుడు ఒక్క రోజులోనే బింబం వెడల్పులో ముప్పాతిక వంతు జరిగిపోతుంది.

రాళ్ళ వరసలు కొన్ని అయనాంతాల, విషువత్తుల సూర్యోదయ సూర్యాస్తమయాలకి తగ్గట్టున్నాయని చెప్పింది హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి. రావు, ఆయన బృందం. వాళ్ళు ఏళ్ళ తరబడి అక్కడ పనిచేశారు. యూట్యూబు వాళ్ళు దాన్నే పట్టుకుని మసాలా దట్టించారు.

హైవే రాజా:

నేను చెప్పేది ఎవరికీ నచ్చదు గానీ చెప్తా. రాయచూరు వెళ్తూ ఆగి చూశాను, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి, ఎండ మండిపోతోంది, అంతే. ఫోన్లో తీసిన ఫోటోలు కూడా ఏమంత గొప్పగా రాలేదు. ఫ్యామిలీతో అంత దూరం ప్రత్యేకంగా వెళ్ళేంత సీన్ లేదు బ్రో. రామప్పకి వెళ్ళండి, నాన్నగారూ హ్యాపీ, పిల్లలూ హ్యాపీ.

రాళ్ళపిచ్చి:

రాజా గారూ, మీరు వెళ్ళింది మధ్యాహ్నం అయి ఉంటుంది, మీ మాటలోనే ఉంది. అది గ్రానైటు. నడినెత్తిన ఎండ ఉంటే నీడంతా రాయి కాళ్ళ కిందికి పోయి, గీత, సొట్ట, పెచ్చు ఊడిన చోటు ఏదీ విడిగా కనపడదు, బూడిదరంగు దిమ్మ ఒకటి మిగులుతుంది. అదే రాయిని పొద్దు పొడిచిన గంట లోపలో, పొద్దు వాలేముందో చూడండి. ఏటవాలు వెలుగులో రాతి చర్మం మొత్తం లేచి కనపడుతుంది, ఒకదాని నీడ పక్కదాని మొదలు దాకా పాకుతుంది, అప్పటిదాకా చెల్లాచెదురుగా అనిపించినవి వరసలుగా కుదురుకుంటాయి. నా వరకు ముడుమాల్ చూడ్డం అంటే తొంభై శాతం వెలుగు కోసం కాచుకోవడమే. ఆ ఓపిక లేనివాళ్ళకి రామప్పే కరెక్టు, అందులో తప్పేం లేదు.

మట్టిదారి గారూ, మీరు దేన్ని చూడాలని అడిగారు. అందరూ పెద్ద రాళ్ళ దగ్గరికే పరిగెడతారు. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్నవి ఎనభై దాకా ఉన్నాయి, పక్కన నిలబడి ఫోటో దిగితే బాగుంటుంది, నిజమే. కానీ నన్నడిగితే అసలు సరుకు కింద ఉంది. అడుగు, రెండడుగుల చిన్న రాళ్ళు దాదాపు మూడు వేలు, ఒకదాని పక్కన ఒకటి వరసలు కట్టి పాతి ఉన్నాయి. గడ్డిలో కలిసిపోయి ఉంటాయి, కాలికి తగిలేదాకా కనపడవు. ఒక వరస పట్టుకుని దాని చివరిదాకా నడవండి, తర్వాత పక్క వరసలో వెనక్కి రండి. ఇవి సమాంతరంగా పోతున్నాయన్న సంగతి అడుగుల్లోంచి తెలుస్తుంది, డ్రోన్ షాట్‌లో తెలియదు. ఎక్కడో ఒక చోట వరస తెగుతుంది. అక్కడ ఆగి ఎందుకు తెగిందో చూడండి, బండి బాట పడిందా, చేను చదును చేశారా, లేక మొదటి నుంచీ ఖాళీయేనా.

ఆ తర్వాత ఒక పెద్ద రాయి దగ్గర కాసేపు కింద కూర్చోండి. నిలువురాయిని మామూలుగా గుంట తీసి అందులోకి దించి, చుట్టూ చిన్న రాళ్ళు కూరి బిగిస్తారు. వాన నీళ్ళకి మట్టి కొట్టుకుపోయిన చోట ఆ కూరుడు రాళ్ళు బయటపడతాయి. అవి కనపడితే చేత్తో కదపొద్దు, పుల్లతో గెలకొద్దు, వాటి పట్టు మీదే పైనున్నదంతా నిలబడి ఉంది. నేలకి నడుము ఎత్తులో కొన్ని రాళ్ళు ఒక పక్క నున్నగా, కాస్త నల్లగా మెరుస్తుంటాయి. పశువులు తరతరాలుగా ఒళ్ళు రుద్దుకున్న చోట్లు కూడా అలాగే ఉంటాయి, మనిషి చేసిన నునుపు అనుకుని కథలు అల్లకండి. పైభాగాన బూడిదరంగులో, పచ్చగా మచ్చలు మచ్చలుగా పట్టి ఉండేది లైకెన్ అనే నాచులాంటి జీవం, మరక కాదు. చాలా నిదానంగా పెరుగుతుంది, గోటితో గీకితే మళ్ళీ అంత కావడానికి దశాబ్దాలు పడుతుంది.

పిల్లలకి ఒక లెక్క అప్పజెప్పండి. ఒక రాయి ఎత్తు, వెడల్పు, మందం అడుగుల్లో అంచనా వేయమనండి. 12 అడుగుల ఎత్తు, 3 వెడల్పు, 2 మందం అనుకుంటే 72 ఘనపుటడుగులు, గ్రానైటు బరువు ప్రకారం ఐదు టన్నులు పైమాటే, అది కూడా భూమిలో దిగిన భాగం వదిలేస్తే. మోకులు, దుంగలు, మనుషులు, బహుశా ఎడ్లు. దీన్ని ఎలా లేపుంటారని అడిగి ఊరుకోండి, ఏలియన్స్ కంటే మంచి జవాబులు వాళ్ళ దగ్గరే వస్తాయి.

పాలమూరు బిడ్డ:

మాది మక్తల్ దగ్గర. రాళ్ళపిచ్చి అన్న చెప్పింది మంచిగుంది గానీ ఒకటి మర్చిపోయిండు. అవి ఖాళీ జాగాలో లేవు, ఊరి మనుషుల నడుమ ఉన్నాయి. రాళ్ళ చుట్టుపక్కల అంతా సాగు భూమే. మీరు డిసెంబరులో వస్తే పత్తి ఏరుతుంటారు, కంది చేను నడుము దాకా నిలబడి ఉంటది. ఎవరి చేలోకైనా దిగే ముందు ఒక మాట అడగండి. అడిగితే కాదనేవాళ్ళు లేరు, పైగా తోడొచ్చి చూపిస్తరు. అడగకుండా పది మంది గుంపుగా చేను తొక్కి, రీల్స్ తీసుకుని పోయేటోళ్ళని చూసి చూసి మాకు విసుగొచ్చింది.

కొన్ని రాళ్ళని ఊరోళ్ళు మొక్కుతరు. నిలువురాళ్ళ తిమ్మప్ప అంటరు, ఎల్లమ్మ అంటరు. పసుపు కుంకుమ ఉన్న రాయి కాడ చెప్పులు ఇడవండి, ఎక్కి కూర్చోకండి. దీని మీద పట్నం నుంచి వచ్చిన ఒకాయన మా పెద్దమ్మతో వాదన పెట్టుకున్నడు, "ఇది మ్యూజియం వస్తువమ్మా, దీనికి బొట్టు పెట్టొద్దు" అని. పెద్దమ్మ ఒకటే అడిగింది, "మేం మొక్కకపోతే నువ్వొచ్చేదాకా ఇది ఉండేదా నాయనా?" ఆయన ఏమంటడు! మా దిక్కు కడీలకి (రాతి గుంజలకి), పునాదులకి, చేను గట్లకి ఎన్ని పాత రాళ్ళు పోయినయో లెక్క లేదు. గుప్తనిధుల పిచ్చి ఒకటి మళ్ళ, అమాస రాత్రిళ్ళు పలుగు పార తీసుకుని తయారు. దేవుడని మొక్కిన రాయి జోలికి మాత్రం మామూలుగా ఎవరూ పోరు.

తొవ్వ అంటే, హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా రోడ్డు. రైలుకైతే కృష్ణ స్టేషన్ దగ్గర. పొద్దుగాల చూడాలంటే ముందు రోజే వచ్చి రాయచూరులనో మక్తల్‌లనో ఉండండి. కృష్ణానది తెలంగాణలోకి అడుగు పెట్టేది మా దిక్కే, వీలుంటే సాయంత్రం నది కాడికి కూడా పోండి.

కెమెరా కన్ను:

బొట్టు వరకు సరే అక్కా/అన్నా, ఈమధ్య కొన్ని చోట్ల పాత రాళ్ళకి ఏకంగా ఆయిల్ పెయింట్ కొట్టేస్తున్నారు, నా బాధ దాని గురించి. పసుపు వానకి పోతుంది, పెయింట్ పోదు. రాతి మీద చిన్న గుంటలో, గీతలో ఉంటే శాశ్వతంగా పూడిపోతాయి. భక్తికి అడ్డం చెప్పట్లేదు, డబ్బా పెయింట్‌కి చెప్తున్నా.

పాలమూరు బిడ్డ:

అన్నే. పెయింట్ విషయంలో నీ మాటే నా మాట.

హైవే రాజా:

సరే, మధ్యాహ్నమే వెళ్ళాను, ఒప్పుకుంటా 😀 కానీ ఒక డౌటు. 3500 ఏళ్ళు, 4000 ఏళ్ళు అని అందరూ అనేస్తారు. రాయికి వయసు ఎవరు కట్టారు? గుట్ట వయసు కోట్ల ఏళ్ళు, నిలబెట్టింది నిన్నో మొన్నో ఎలా తెలుస్తుంది?

రాళ్ళపిచ్చి:

మంచి ప్రశ్న, ఇదే అడగాల్సింది. రాయికి కార్బన్ డేటింగ్ కుదరదు, ఒకప్పుడు ప్రాణమున్న వస్తువుకే అది పనిచేస్తుంది. రాయిని పాతినప్పటి గుంటలో బొగ్గో ఎముకో దొరికితే దానికి వయసు కట్టొచ్చు. ఇంకో పద్ధతిలో రాయి కింద చీకట్లో ఉండిపోయిన ఇసుక రేణువులు చివరిసారి ఎండ ఎప్పుడు చూశాయో కొలుస్తారు. రెండూ లేనప్పుడు చుట్టుపక్కల దొరికిన కుండ పెంకులు, సమాధులు, అలాంటివే మిగతా చోట్ల ఏ కాలానివని తేలిందో పోల్చి చెప్తారు. దక్కన్‌లో నలుపు ఎరుపు కుండలు, ఇనుప వస్తువులు ఉన్న సమాధులు వందల కొద్దీ తవ్వారు కాబట్టి పోల్చడానికి సరుకైతే బాగానే ఉంది. యునెస్కోకి పంపిన వివరాల్లో 3500 నుంచి 4000 ఏళ్ళ కిందటివని ఉంది. నేనైతే దాన్ని శిలాశాసనం మీద తేదీలాగా కాకుండా పండితుల అంచనాగా తీసుకుంటాను. రేపు రాళ్ళ మొదళ్ళలోంచి నేరుగా తీసిన నమూనాలకి వయసు కడితే ఆ అంకె అటూ ఇటూ కావచ్చు.

ఎందుకు నిలబెట్టారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. క్యాలెండర్ అనేవాళ్ళున్నారు, చనిపోయినవాళ్ళ గుర్తులనేవాళ్ళున్నారు. నాకు ఈ రెంటికీ పేచీ ఉన్నట్టు అనిపించదు. బస్తర్ మాడియాలు, ఒడిశా-ఆంధ్ర సరిహద్దు గదబలు, మేఘాలయలో ఖాసీ, జైంతియా లాంటి గిరిజనులు పోయినవాళ్ళ కోసం రాయి నిలబెట్టే ఆచారాన్ని దాదాపు మన కాలం దాకా తెచ్చారు. వాళ్ళకి రాయి అంటే కర్మకాండ, బంధువుల భోజనం, ఏ వంశం గొప్పదన్న పోటీ, అన్నీ కలిసే ఉంటాయి. వేల ఏళ్ళ కిందటి మనుషులు మాత్రం ఒక్క పని కోసమే అంత కష్టపడి ఉంటారని ఎందుకనుకోవాలి?

గ్రహచారి:

సప్తర్షుల రాయి గురించి ఎవరూ ఎత్తలేదేంటి! ముడుమాల్లో ఒక బండ మీద ముప్పై దాకా చిన్న గుంటలు చెక్కి ఉన్నాయి. వాటిలో కొన్ని సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని ప్రొఫెసర్ రావు గారి వాదన. దక్షిణాసియాలో నక్షత్రమండలాన్ని చూపించిన పాత ఆనవాళ్ళలో ఇదొకటని అంటారు, ముడుమాల్‌కి ఇంత పేరు రావడానికి ఇది పెద్ద కారణం.

నేను చూసి వచ్చాను. ఏడు గుంటల పోలిక చెప్పగానే కనపడుతుంది, గరిటె గిన్నె, కాడ వంపు, కొట్టొచ్చినట్టు ఉన్నాయి. అయితే ఇక్కడ కాస్త బ్రేకు వేద్దాం. ముప్పై చుక్కలుంటే అందులో మనకి కావాల్సిన ఏడు ఏరుకోవడం పెద్ద కష్టం కాదు. గుంటలు చెక్కిన రాళ్ళు దేశమంతా ఉన్నాయి, నాగపూర్ దగ్గర జూనాపానీలో రాతి వలయాల మీద కూడా ఉన్నాయి, వాటన్నిటినీ నక్షత్రాలనలేం. నాకు ముడుమాల్ పోలిక నమ్మబుద్ధి అవుతుంది, నిరూపణ అయిపోయిందని మాత్రం అనను.

ఇంకోటి. "సప్తర్షుల్లో చివరి రెండు నక్షత్రాలు ధ్రువ నక్షత్రాన్ని చూపిస్తాయి, ఆ కాలం వాళ్ళకి ఉత్తరం అలా తెలిసేది" అని వీడియోల్లో చెప్తుంటారు. ఇప్పటి ఆకాశానికి అది కరెక్టు. కానీ భూమి అక్షం 26 వేల ఏళ్ళకి ఒక చుట్టు చొప్పున మెల్లగా తిరుగుతుంది, ఆ కారణంగానే సంక్రాంతి కూడా జరిగింది. 3500 ఏళ్ళ కిందట ఇప్పటి మన ధ్రువ నక్షత్రం ధ్రువానికి దాదాపు 20 డిగ్రీల దూరంలో, మిగతా చుక్కల్లాగే గుండ్రంగా తిరుగుతూ ఉండేది. కచ్చితంగా ఉత్తరాన ఆగి ఉండే ప్రకాశమైన చుక్క అప్పట్లో లేదు. కాకపోతే సప్తర్షులు ఇప్పటికంటే ధ్రువానికి దగ్గరగా తిరిగేవారు, కాబట్టి ఉత్తరం తెలియాలంటే ఆ గుంపునే చూసుకుని ఉండొచ్చు. ఆ రకంగా చూస్తే రాయి మీద దానికే చోటు దొరకడం ఇంకా సబబుగా ఉంది, నా ఊహే లెండి.

మీరు క్రిస్మస్ రోజుల్లో వెళ్తే ఒక బోనస్. పొద్దున 5 గంటలకల్లా అక్కడుంటే సప్తర్షి మండలం ఉత్తరాన, ఆకాశంలో సగం ఎత్తులో పూర్తిగా కనపడుతుంది. ముందు దాన్ని చూడండి, తర్వాత రాయి మీద గుంటలు చూడండి, మీకే ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. సూర్యోదయం ఎలాగూ ఆ వెంటనే.

కెమెరా కన్ను:

గుంటలు చూడాలంటే టెక్నిక్ ఉంది. టార్చి ఎదురుగా పట్టుకుంటే బండ మొత్తం తెల్లగా మెరిసి ఏమీ కనపడదు. టార్చిని రాతి ఉపరితలానికి దాదాపు ఆనించినట్టు పక్క నుంచి పట్టండి, ఒక్కసారిగా ప్రతి గుంట ఒక అంచున వెలుగు, ఇంకో అంచున చీకటితో లేచి వస్తుంది. టార్చి చుట్టూ తిప్పుతూ ఉంటే సహజంగా ఏర్పడ్డ సొట్టలు, చెక్కినవి తేడా కూడా తెలుస్తుంది, చెక్కినవి గుండ్రంగా, అంచు సమానంగా ఉంటాయి. ఒకరు టార్చి, ఒకరు కెమెరా, పిల్లలకి ఈ పని అప్పజెప్తే వదలమన్నా వదలరు.

దండం పెట్టి చెప్తున్నా, ఫోటోలో బాగా పడతాయని గుంటల్లో సుద్ద, ముగ్గు పిండి, విభూతి నింపొద్దు. మీరు నింపిన ఏడే ఫోటోలో పడతాయి, నింపనివి మాయం, రేపు చూసినవాడికి మీ అభిప్రాయమే సాక్ష్యం అయి కూర్చుంటుంది. తర్వాత కడిగితే రాయి అరుగుతుంది, అది వేరే గొడవ. ఇంగ్లండులో నిలువురాళ్ళ వలయం స్టోన్‌హెంజ్‌లో రాళ్ళ మధ్యకి జనాన్ని వదలడం 1970ల చివర్లోనే ఆపేశారు, ఫ్రాన్సులో కార్నాక్ వరసల్లోకి సీజన్లో గైడు లేనిదే పోనివ్వరు, జనం తొక్కి తొక్కి నేల గడ్డి లేకుండా అయిపోయినందుకు. ముడుమాల్లో ఇంకా వరసల్లో నడవగలుగుతున్నాం. అది ఎన్నాళ్ళుంటుందో మన చేతుల్లోనే ఉంది.

గట్టుమీద గుమ్మడి:

ఈ థ్రెడ్డు చదువుతుంటే నాకో సందేహం. మా చేను గట్టున ఒక రాయి నిలబడి ఉంది, నడుము ఎత్తు, ఒక వైపు చదును. మా తాత దాన్ని కదపనిచ్చేవాడు కాదట. ఇది కూడా ఇలాంటిదేనా? ఎలా తెలుసుకోవాలి?

రాళ్ళపిచ్చి:

నడుము ఎత్తు ఒంటరి రాయి అంటే ముందు మిగతావి కాదని తేల్చుకోవాలి. చదునైన వైపు కత్తి పట్టిన మనిషో, గుర్రమో, పైన సూర్యచంద్రులో ఉంటే వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తు రాయి, మధ్యయుగాలది, దానికీ విలువుంది. అక్షరాలుంటే శాసనం. ఊరి నడిమధ్యలో ఉంటే బొడ్రాయి. అంచులు సూటిగా ఉండి, ఉలి దెబ్బలు, వరసగా మేకు రంధ్రాలు కనపడితే ఈ మధ్య కాలపు హద్దు రాయో కడీయో. ఏ చెక్కుడూ లేక, సహజమైన బండనే ఎంచుకుని నిలబెట్టినట్టుంటే, చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేర్చిన ఆనవాళ్ళుంటే, దున్నినప్పుడు నలుపు ఎరుపు పెంకులు తేలుతుంటే అప్పుడు ఆలోచించాలి. తవ్వి చూడ్డం మాత్రం వద్దు. ఒక స్కేలో కర్రో పక్కన పెట్టి నాలుగు వైపులా ఫోటోలు తీసి, లొకేషన్‌తో రాష్ట్ర వారసత్వ శాఖకి పంపండి. భూమి లాక్కుంటారని చాలామంది భయపడి చెప్పరు, కనీసం రాయిని కదపకుండా ఫోటోలైనా దాచిపెట్టండి. మీ తాతగారు ఎందుకు కదపనివ్వలేదో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి అది కూడా రాసిపెట్టండి, రాయి ఎక్కడికీ పోదు గానీ ఆ మాట పోతుంది.

మట్టిదారి:

అబ్బో, ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. సంక్రాంతి క్యాన్సిల్, డిసెంబరు 24 రాత్రికి రాయచూరు, 25 తెల్లవారుజామున ముడుమాల్. నాన్నగారికి అయనాంతం, సంక్రాంతి తేడా చెప్పాను. పంచాంగం ముందేసుకుని గంటసేపు నాతో వాదించి, చివరికి "చూద్దాం, ఎక్కడ లేస్తాడో" అన్నారు. ఆయన అన్నారంటే వస్తున్నట్టే. రెండు ప్రశ్నలు మిగిలాయి. చీకట్లో అక్కడికి వెళ్ళడం క్షేమమేనా? మధ్యాహ్నం ఎండలో రాళ్ళు చూడకూడదని తేలింది కాబట్టి అప్పుడు ఎక్కడికి వెళ్ళొచ్చు?

పాలమూరు బిడ్డ:

చీకట్ల కొత్తోళ్ళు చేలల్లకి దిగొద్దు. పురుగూ పుట్రా ఉంటది, మంచుకి గడ్డి తడిసి జారుతది. ముందు రోజు సాయంత్రమే ఒకసారి వచ్చి పొద్దు వాలేది చూసి, తొవ్వ గుర్తు పెట్టుకుని, సప్తర్షుల రాయి ఎక్కడుందో ఊరోళ్ళని అడిగి చూపించుకోండి. తెల్లారి వస్తున్నమని కూడా వాళ్ళకి చెప్పిపోండి, లేకుంటే టార్చిలు చూసి నిధుల దొంగలనుకుని కర్రలు పట్టుకుని వస్తరు, జోక్ కాదు. బూట్లు, స్వెటర్లు మర్చిపోవద్దు.

రాళ్ళపిచ్చి:

మధ్యాహ్నానికి కర్ణాటక వైపు చాలా ఉన్నాయి. యాదగిరి జిల్లా శహాపూర్ దగ్గర విభూతిహళ్ళిలో రాళ్ళ వరసలున్నాయి, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో. ఈ ప్రాంతపు పాత సమాధుల గురించి 1850ల్లోనే రాసిన ఇంగ్లీషు అధికారి మెడోస్ టేలర్, నిజాం కొలువులో ఉంటూ అక్కడికి దగ్గర్లోని సురపురంలో పనిచేసినవాడే. తర్వాత 1956లో పురావస్తు పండితుడు ఆల్చిన్ అప్పటి హైదరాబాదు రాష్ట్రం దక్షిణ భాగంలోని రాళ్ళ వరసల గురించి రాశారు. ఇంకో రోజు చేతిలో ఉంటే గంగావతి దగ్గర హిరే బెణకల్. గుట్ట మీద నాలుగొందల దాకా రాతి గదుల కట్టడాలు, అదీ యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉంది. కానీ గుట్ట ఎక్కాలి, నాన్నగారి మోకాళ్ళని బట్టి నిర్ణయించుకోండి.

ఇవి నచ్చితే తర్వాత మన వైపు ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో దామరవాయి రాకాసి గుళ్ళు, గోదావరి దగ్గర జానంపేటలో మనిషి ఆకారంలో చెక్కిన రాళ్ళు, చిత్తూరు జిల్లా ఇరులబండలో గది చుట్టూ గుండ్రటి తలల బండలు నిలబెట్టిన సమాధులు చూడొచ్చు. మూడూ మూడు రకాలు, ఒకదాని పద్ధతి ఇంకోదానికి ఉండదు.

హైవే రాజా:

25న నేనూ రాయచూరు రోడ్డులోనే ఉంటా. పొద్దున 5కి లేవగలిగితే వస్తా, టార్చి నాది.